మూడో పూత వేయించిన వడ్రంగి – ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్



అంగన్‌వాడీలో ఒకదానిమీద ఒకటి నొక్కితే అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు మీరు చూసే ఉంటారు. చిన్నప్పుడు వాటితో ఇల్లు కట్టాం, పడగొట్టాం, మళ్ళీ కట్టాం. బడికి వచ్చాక మర్చిపోయాం. కానీ కొన్ని దేశాల్లో ఉద్యోగాలు చేసే పెద్దవాళ్ళు, మనవళ్ళు ఉన్న తాతలు కూడా ఇట్లాంటి ఇటుకల కోసం వెతుకుతారట! పాత సామాన్ల సంతల్లో వెతుకుతారు. ఎవరైనా ఇల్లు ఖాళీ చేస్తుంటే వాళ్ళ అటక మీద ఉన్న డబ్బాలు అడిగి కొంటారు. ఒక్క చిన్న ముక్క తక్కువైతే దాని కోసం ఏళ్ళ తరబడి తిరుగుతారు. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు మొదట నవ్వు వచ్చింది. తరువాత ఆ ఇటుకలు చేసిన మనిషి కథ తెలిసింది. అప్పుడు నవ్వు పోయింది. ఆ కథే ఇక్కడ రాస్తున్నాను. ఆ ఇటుకల పేరు లెగో. ఆ మనిషి పేరు ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్.

బాల్యం, పని నేర్చుకోవడం

ఐరోపా ఖండంలో ఉత్తరం వైపు డెన్మార్క్ అనే చిన్న దేశం ఉంది. అట్లాసులో జర్మనీ పైన చూడండి, కనిపిస్తుంది. అక్కడ జట్లాండ్ అనే ప్రాంతంలో, ఒక బీద కుటుంబంలో 1891 ఏప్రిల్ 7న ఓలే కిర్క్ పుట్టారు. వాళ్ళది పెద్ద సంసారం, పిల్లలు చాలామంది. పెద్ద చదువులు చదివించే స్తోమత ఇంట్లో లేదు. మన వయసులోనే, అంటే 14 ఏళ్ళకు, ఆయన తన అన్న దగ్గర వడ్రంగం నేర్చుకోవడానికి చేరారు. కర్ర కోయడం, చిత్రిక పట్టడం, అతుకు వెయ్యడం అన్నీ అక్కడే నేర్చుకున్నారు. పని వచ్చాక జర్మనీ, నార్వే దేశాలకు వెళ్ళి కూలికి వడ్రంగం చేశారు. నార్వేలోనే హాన్‌సీన్ అనే అమ్మాయి పరిచయమైంది.

జమ చేసుకున్న డబ్బుతో 1916లో బిల్లుండ్ అనే పల్లెటూరిలో ఒక వడ్రంగి షెడ్డు కొన్నారు. ఆ సంవత్సరమే హాన్‌సీన్‌ను పెళ్ళి చేసుకున్నారు. చుట్టుపక్కల రైతులకు ఇళ్ళు కట్టడం, తలుపులు, కిటికీలు, బీరువాలు చెయ్యడం ఆయన పని. వాళ్ళకు నలుగురు కొడుకులు పుట్టారు. వాళ్ళు యోహాన్నెస్, కార్ల్ గేఒర్గ్, గాట్‌ఫ్రెడ్, గెర్‌హార్డ్. వీళ్ళల్లో గాట్‌ఫ్రెడ్ పేరు గుర్తు పెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

మొదటి అగ్ని ప్రమాదం

అది 1924వ సంవత్సరం. కార్ల్ గేఒర్గ్‌కు 5 ఏళ్ళు, గాట్‌ఫ్రెడ్‌కు 4 ఏళ్ళు. ఇద్దరూ నాన్న షెడ్డులో ఆడుకుంటున్నారు. అక్కడ బంక వేడి చేసే పొయ్యి ఉండేది. నాన్న చేసినట్టే మనం చేద్దాం అనుకున్నారో ఏమో, దాన్ని వెలిగించబోయారు. కింద చిత్రిక పట్టగా పడిన చెక్క తుక్కు ఉంది. అది ఎట్లా అంటుకుంటుందో మనకు తెలుసు కదా. షెడ్డు కాలిపోయింది, పక్కనున్న ఇల్లు కూడా కాలిపోయింది. పిల్లలకు మాత్రం ఏమీ కాలేదు.

ఓలే కిర్క్ మళ్ళీ కట్టారు. ముందున్న దానికన్నా పెద్ద ఇల్లు, పెద్ద షెడ్డు కట్టారు. ఇంటి ముందు రెండు సింహాల బొమ్మలు పెట్టారు. ఆ ఇల్లు ఈనాటికీ బిల్లుండ్‌లో ఉంది.

1932 – కష్టాల ఏడు

1929లో అమెరికాలో మొదలైన ఆర్థిక మాంద్యం అన్ని దేశాలకూ పాకింది. మాంద్యం అంటే కొనేవాళ్ళు లేక ధరలు పడిపోవడం, పనులు లేకపోవడం. డెన్మార్క్ రైతుల పంటకు ధర లేకుండా పోయింది. రైతు దగ్గర డబ్బు లేకపోతే వడ్రంగికి పని ఎవరిస్తారు? ఓలే కిర్క్ పనివాళ్ళను ఒక్కొక్కరినీ పంపించేయాల్సి వచ్చింది. 1932లో ఆయన భార్య హాన్‌సీన్ కూడా చనిపోయింది. పెద్ద కొడుక్కి 15 ఏళ్ళు, చిన్నవాడికి 6 ఏళ్ళు. తల్లి లేని నలుగురు పిల్లలు, పని లేని షెడ్డు, పైన అప్పులు. పాపం, ఎట్లా ఉండి ఉంటుందో మీరే ఆలోచించండి.

ఇళ్ళు కట్టించుకునేవాళ్ళు లేరు కాబట్టి ఆయన చిన్న చిన్న వస్తువులు చెయ్యడం మొదలుపెట్టారు. మడత నిచ్చెనలు, ఇస్త్రీ బల్లలు చేశారు. మిగిలిన కర్రతో ఆటబొమ్మలు చేశారు. కార్లు, విమానాలు, దారం కట్టి లాగితే నడిచే జంతువులు చేశారు. కొందరు డబ్బు లేక తినే సరుకు ఇచ్చి బొమ్మలు తీసుకునేవాళ్ళు. గాట్‌ఫ్రెడ్ 12 ఏళ్ళకే నాన్న పక్కన నిలబడి పని చేశాడు.

ఓలే కిర్క్ తన అన్నదమ్ములను, అక్కచెల్లెళ్ళను అప్పు సాయం అడిగారు. వాళ్ళు సరే అన్నారు గానీ ఒక షరతు పెట్టారు. ఈ ఆటబొమ్మలు మానెయ్యాలి, పనికొచ్చే వస్తువులు చెయ్యాలి అన్నారు. వాళ్ళది తప్పు అని నేను అనను. ఇంట్లో గింజలు లేనప్పుడు బొమ్మలు ఏమిటి అని మన ఇళ్ళల్లో కూడా అంటారు. కానీ ఓలే కిర్క్ మానలేదు. పిల్లలకు బొమ్మ చెయ్యడం కూడా తలుపు చేసినంత గట్టి పనే అని ఆయన నమ్మారు. నమ్మినందుకు చాలా ఏళ్ళు కష్టపడ్డారు.

ఆ రోజుల్లో యోయో అనే బొమ్మ మీద జనానికి పిచ్చి పట్టింది. యోయో అంటే దారానికి కట్టి కిందికి వదిలితే మళ్ళీ పైకి వచ్చే రెండు బిళ్ళల బొమ్మ. ఓలే కిర్క్ చాలా యోయోలు చేశారు. ఉన్నట్టుండి ఆ మోజు పోయింది, సరుకంతా మిగిలిపోయింది. వేరేవాళ్ళయితే పొయ్యిలో పెట్టేవాళ్ళు. ఆయన వాటిని మధ్యకు కోసి బొమ్మ బండ్లకు చక్రాలుగా బిగించారు!

1934లో ఆయన సోఫీ అనే ఆమెను మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు. 1935లో ఉల్లా అనే కూతురు పుట్టింది.

పేరు ఎట్లా వచ్చింది

1930ల మధ్యలో బొమ్మల పనికి ఒక పేరు పెట్టాలనుకున్నారు. మంచి పేరు చెప్పినవాళ్ళకు ఇంట్లో చేసిన వైను సీసా బహుమతి అని పనివాళ్ళకు పోటీ పెట్టారు. చివరికి ఆయన చెప్పిన పేరే గెలిచింది, సీసా ఆయనకే మిగిలింది. డేనిష్ భాషలో లెగ్ అంటే ఆడు, గాట్ అంటే బాగా. ఈ రెండు మాటల మొదటి అక్షరాలు కలిపి లెగో అని పెట్టారు. లాటిన్ భాషలో ఇదే మాటకు నేను కూరుస్తాను అనే అర్థం కూడా ఉందని తరువాత తెలిసింది. అప్పటికి ఇటుకలు లేవు, అన్నీ కర్ర బొమ్మలే.

బాతు బొమ్మ, మూడో పూత

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పాలనుకున్న సంగతి. ఓలే కిర్క్ కర్ర బాతులు చేసేవారు. లాగితే చక్రాలు తిరిగి బాతు ముక్కు తెరుచుకుని మూసుకుంటుంది. బాగా ఆరిన బీచ్ కర్రతో చేసి, నున్నగా రుద్ది, మూడు పూతలు వార్నిష్ వెయ్యాలి. అది ఆయన పెట్టిన పద్ధతి.

ఒకరోజు గాట్‌ఫ్రెడ్ బాతుల పెట్టెలు రైల్వే స్టేషన్‌కు పంపి, సంతోషంగా ఇంటికి వచ్చాడు. ఈసారి డబ్బు మిగిల్చానని నాన్నకు చెప్పాడు. ఎట్లా అని నాన్న అడిగారు. మూడు పూతలకు బదులు రెండే వేశానని, చూస్తే ఎవరికీ తెలియదని కొడుకు చెప్పాడు. నాన్న మెచ్చుకుంటారని అనుకున్నాడు. కానీ ఓలే కిర్క్, వెంటనే స్టేషన్‌కు వెళ్ళి పెట్టెలన్నీ వెనక్కి తెచ్చి, విప్పి, మూడో పూత వేసి, మళ్ళీ సర్ది పంపమన్నారు. రాత్రంతా పట్టినా సరే, ఒక్కడివే చెయ్యాలి అన్నారు. గాట్‌ఫ్రెడ్ అట్లాగే చేశాడు.

అప్పుడు ఇంట్లో డబ్బు ఎంత అవసరమో మీరు పైన చదివారు. ఒక పూత వార్నిష్ మిగిలితే వాళ్ళకు లాభమే. ఐనా ఆయన ఒప్పుకోలేదు. ఆ కొడుకు పెద్దయ్యాక కూడా ఈ సంగతి మర్చిపోలేదు. ఏ పనైనా శ్రేష్ఠంగా చేస్తేనే చాలు, అంతకన్నా తక్కువ ఐతే చాలదు అనే అర్థం వచ్చే నాన్న మాటను చెక్క మీద చెక్కి షెడ్డు గోడకు తగిలించాడు.

రెండో అగ్ని ప్రమాదం, కొత్త మిషన్

1940లో జర్మనీ సైన్యం డెన్మార్క్‌ను ఆక్రమించింది. యుద్ధం జరుగుతుండగానే 1942లో ఒక రాత్రి ఫ్యాక్టరీ కాలిపోయింది. బొమ్మల నమూనాలు, గీసి పెట్టుకున్న కాగితాలు అన్నీ బూడిద ఐపోయాయి. అప్పటికి ఆయనకు 50 దాటాయి. ఇంక చాలు, వదిలేద్దాం అని అనుకున్నారు కూడా. కానీ ఆయన మీద ఆధారపడి పనివాళ్ళ కుటుంబాలు ఉన్నాయి. వాళ్ళను చూసి మళ్ళీ కట్టారు.

యుద్ధం ఐపోయాక 1946లో ప్లాస్టిక్ అచ్చు పోసే మిషన్ చూశారు. ప్లాస్టిక్‌ను కరిగించి ఇనుప అచ్చులోకి ఒత్తితే నిమిషాల్లో బొమ్మ తయారవుతుంది. మిషన్ ధర 30,000 క్రోనర్లు. క్రోనర్ అంటే వాళ్ళ రూపాయి. చిన్న ఊళ్ళో కర్ర పని చేసే మనిషికి అది చాలా పెద్ద డబ్బు. బొమ్మ అంటే కర్రదే అని చాలామంది అనేవాళ్ళు. ఐనా 55 ఏళ్ళ వయసులో, చేతిలో కర్ర పని ఉండగానే, ఆయన కొత్త పని నేర్చుకోవడానికి సిద్ధపడ్డారు. మిషన్ 1947 చివరలో బిల్లుండ్ చేరింది.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఇటుక ఆలోచన మొదట ఓలే కిర్క్‌ది కాదు. ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ అనే ఆయన కిడ్డీక్రాఫ్ట్ పేరుతో అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు ముందే చేశాడు. వాటి నమూనా ఓలే కిర్క్‌కు, గాట్‌ఫ్రెడ్‌కు చేరింది. వాళ్ళు కొలతలు కొంచెం మార్చి 1949లో తమ ఇటుకలు అమ్మకానికి పెట్టారు. పేజ్ 1957లో చనిపోయాడు. ఆ కిడ్డీక్రాఫ్ట్ ఇటుకల హక్కులను లెగో కంపెనీ 1981లో కొనుక్కుంది. గొప్పవాళ్ళ కథల్లో ఇట్లాంటివి కూడా తెలుసుకోవాలి.

మొదటి ఇటుకలు అంతగా అమ్ముడుపోలేదు. అవి లోపల ఖాళీ డబ్బాల్లాగా ఉండేవి. పేర్చితే నిలబడేవి గానీ ఎత్తితే ఊడిపోయేవి. షాపువాళ్ళు వెనక్కి పంపినా తండ్రీ కొడుకులు వదిలిపెట్టలేదు. 1954లో గాట్‌ఫ్రెడ్ ఓడలో వెళ్తుండగా ఒక పెద్ద దుకాణం తరఫున సరుకు కొనే మనిషి కలిశాడు. ఇప్పటి బొమ్మలకు ఒక పద్ధతి లేదు, ఒకదానితో ఒకటి కలవవు అని ఆయన అన్నాడు. గాట్‌ఫ్రెడ్ ఆ మాట పట్టుకున్నాడు. ఏ పెట్టెలో కొన్న ఇటుకైనా వేరే పెట్టెలో ఇటుకకు అతకాలి అనే పద్ధతితో 1955లో పట్నం కట్టే ఆట తెచ్చారు.

1958 జనవరి 28న ఇటుకకు పేటెంటు అడిగారు. ఈసారి ఇటుక లోపల గొట్టాలు పెట్టారు. కింది ఇటుక మీద ఉన్న గుబ్బలు పై ఇటుక గోడకూ గొట్టానికీ మధ్య బిగుసుకుంటాయి. అందుకే ఎత్తినా ఊడవు, పిల్లలు లాగితే మాత్రం వస్తాయి. ఇది జరిగిన ఆరు వారాలకు, 1958 మార్చి 11న, ఓలే కిర్క్ క్రిస్టియన్‌సెన్ 66 ఏళ్ళ వయసులో కన్ను మూశారు. లోకమంతా ఈ ఇటుకలతో ఆడటం ఆయన చూడలేదు.

తరువాత ఏమైంది

పని గాట్‌ఫ్రెడ్ చూసుకున్నాడు. చిన్నప్పుడు షెడ్డు కాల్చిన కొడుకే కంపెనీని నిలబెట్టాడు. 1960లో మళ్ళీ నిప్పు అంటుకుని కర్ర బొమ్మల గోదాం కాలింది. దాంతో కర్ర బొమ్మలు ఆపేశారు. 1968లో బిల్లుండ్‌లో లెగోలాండ్ అనే ఆటల తోట మొదలైంది. 1978లో చేతులు కాళ్ళు కదిలే చిన్న మనుషుల బొమ్మలు వచ్చాయి.

లెక్కలంటే ఇష్టమున్నవాళ్ళకు ఒకటి చెప్తాను. ఎనిమిది గుబ్బలున్న ఒకే రంగు ఇటుకలు రెండు తీసుకుంటే 24 రకాలుగా అతికించవచ్చు. మూడు ఐతే 1,060 రకాలు. ఆరు ఐతే 91,51,03,765 రకాలు! ఆరు ఇటుకలతో అన్ని రకాలూ కట్టి చూడాలంటే ఒక జన్మ చాలదు.

వెతికేవాళ్ళు ఏం వెతుకుతారు

ఇప్పుడు మొదట చెప్పిన పెద్దవాళ్ళ దగ్గరికి వద్దాం. వాళ్ళు పాత ఇటుక దొరికితే మొదట తిరగేసి చూస్తారు. లోపల గొట్టాలు లేకపోతే అది 1958కి ముందుది. పక్కన కిటికీ బిగించడానికి చీలిక ఉంటే చాలా పాతది. కొంచెం వంకర పోయి ఉంటే అది సెల్యులోజ్ ఎసిటేట్ అనే పాత ప్లాస్టిక్. 1963 నుంచి ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ వాడారు, అది వంకర పోదు, రంగు బాగా నిలుస్తుంది. 1964 నుంచి ఎట్లా కట్టాలో బొమ్మలతో చూపించే పుస్తకం పెట్టెలో వచ్చింది. కాబట్టి పాత సెట్టు దొరికితే పెట్టె ఉందా, పుస్తకం ఉందా, ముక్కలన్నీ ఉన్నాయా అని లెక్క పెడతారు. బొమ్మ మనిషి చేతిలోని కత్తి, నెత్తి మీది టోపీ లాంటివి మొదట పోతాయి, అందుకే వాటి కోసమే ఎక్కువ తిరుగుతారు. కర్ర బాతు దొరికితే ఇంక వాళ్ళకు పండగే.

వింత ఏమిటంటే కొందరు సముద్రం ఒడ్డున కూడా వెతుకుతారు. 1997 ఫిబ్రవరి 13న టోకియో ఎక్స్‌ప్రెస్ అనే ఓడ ఇంగ్లండు పక్కన పెద్ద అలకు ఒరిగింది. 62 పెద్ద ఇనుప పెట్టెలు సముద్రంలో పడ్డాయి. ఒక దానిలో 47,56,940 లెగో ముక్కలు ఉన్నాయి. చాలావరకు సముద్రం బొమ్మలే! ఆ ముక్కలు కార్న్‌వాల్ ఒడ్డుకు కొట్టుకు వచ్చాయి. ఇన్నేళ్ళ తరువాత కూడా పెద్దవాళ్ళు ఇసుకలో వెతుకుతున్నారు. నల్ల ఆక్టోపస్ బొమ్మ దొరికితే చాలా అదృష్టం అనుకుంటారు, ఎందుకంటే ఉన్నవే 4,200.

కానీ దీనిలో బాధ కూడా ఉంది. ప్లిమత్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2020లో లెక్క కట్టారు. ఒక లెగో ఇటుక సముద్రంలో 100 నుంచి 1,300 సంవత్సరాల దాకా ఉండవచ్చట. గట్టిగా చేసిన వస్తువు పిల్లల చేతిలో ఉంటే మంచిదే. నీళ్ళల్లో పడితే అదే గట్టిదనం చెరుపు చేస్తుంది. కర్ర బాతు ఐతే మట్టిలో కలిసేది. అందుకే ఏరేవాళ్ళు ఆట కోసమే కాదు, ఒడ్డు శుభ్రం కావాలని కూడా ఏరుతున్నారు.

మనం తెలుసుకోవలసింది

1958లో చేసిన ఇటుకను ఈ రోజు చేసిన ఇటుక మీద పెట్టి నొక్కితే అతుక్కుంటుంది. 60 ఏళ్ళు దాటినా కొలత వెంట్రుక అంత కూడా మారలేదు. తాత దాచిన ఇటుక మనవరాలి ఇటుకకు సరిపోతుంది. పెద్దవాళ్ళు ఎందుకు వెతుకుతారో నాకు ఇప్పుడు అర్థమైంది. పోయిన ముక్క ఎప్పుడు దొరికినా అది దాని చోట్లో కూర్చుంటుంది అనే నమ్మకం వాళ్ళకు ఉంది. అది లేకపోతే ఎవరూ వెతకరు. ఆ నమ్మకం ఎక్కడ మొదలైంది అంటే, బాతు బొమ్మకు మూడో పూత వేయించిన ఆ రాత్రి మొదలైంది అని నేను అనుకుంటున్నాను.

మనం కూడా ఎన్నోసార్లు రెండు పూతలతో సరిపెడతాం. హోంవర్కు సగం చూసి రాస్తాం, గది మూలల్లో ఊడ్వం, సారు చూడలేదు కదా అనుకుంటాం. నేనూ చేశాను, అందుకే రాస్తున్నాను. ఓలే కిర్క్ పెద్ద చదువు చదవలేదు. ఇల్లు కాలింది, భార్య పోయింది, సొంతవాళ్ళే ఆ పని మానమన్నారు. ఐనా ఎవరికీ కనిపించని పూత కూడా మానలేదు. మనం ఏ పని చేసినా, అది చిన్నదైనా, మూడో పూత వేసే పంపుదాం.

– 9వ తరగతి విద్యార్థిని